కాంపౌండరు మావయ్యగారు కట్టిన పొట్లం

మా మేడ మీది గదిలో ఉండే కాంపౌండరు మావయ్యగారు పోయారని బౌదీ ఫోన్ చేసేసరికి నేను బ్యాంకులో ఉన్నాను. బౌదీ మా ఇంటి యజమానురాలు, మొదటి అంతస్తులో ఉంటుంది. బౌదీ అంటే వదిన. కలకత్తా భవానీపూర్‌లో మా వీధి వీధంతా ఆవిణ్ణి అలాగే పిలుస్తుంది. ముందురోజు సాయంత్రం మావయ్యగారు మెట్ల మీద జారారట. తల గోడకి తగిలిందట. ఏమీ కాలేదని లేచి, చొక్కా దులుపుకుని, పైకెళ్ళి టీ పెట్టుకున్నారట. పొద్దున్న తలుపు తియ్యలేదు. గుండె కోసం రక్తం పలచన చేసే మాత్ర ఏళ్ళ తరబడి వేసుకుంటున్న మనిషి కదా, చిన్న దెబ్బకే తల లోపల రక్తం కారడం మొదలై ఆగలేదని డాక్టరు చెప్పాడట.

ఆయనే ఉంటే ఈ చావుని ఇంత తేలిగ్గా ఒప్పుకునేవారు కాదు. ఆ మెట్టు మీద తడి ఎందుకుంది, ఎవరు తుడిచారు, ఏ గుడ్డతో తుడిచారు, డాక్టరు లోపలికొచ్చి చూసి చెప్పాడా లేక గుమ్మంలోంచే చెప్పి వెళ్ళిపోయాడా అని ఇంట్లో అందరినీ నిలబెట్టి అడిగేవారు. అనుమానం ముందు పుట్టి ఆ తర్వాత మనిషి పుట్టాడంటారే, ఆ మాట ఆయన్ని చూసే అని ఉంటారు. ఆ అనుమానాలు తలుచుకుని నవ్వుకోవడానికి మాత్రం నేనిది రాయడం లేదు. వాటిలో ఒకటి నా మీద కూడా ఉండేది. అది నిజం కూడా.

ఆయనది భీమిలి దగ్గర పల్లె. తండ్రి కాలంలోనే రేవులో పని వెతుక్కుంటూ కలకత్తా వచ్చిన క్రైస్తవ కుటుంబం. రేవు డిస్పెన్సరీలో కాంపౌండరుగా చేసి రిటైరయ్యారు. చాలా ఏళ్ళు రేవు పక్కనున్న మెటియాబ్రుజ్‌లో అద్దెకుండి, భార్య పోయాక మా మేడ మీది గదికి మారారు. పిల్లలు లేరు. ఖరగ్‌పూర్‌లో ఒక చెల్లెలు. మాకు చుట్టమేమీ కాదు. నాకు కలకత్తా బదిలీ అయి, విజయనగరం నుంచి సామాన్లతో దిగిన రోజున మా అత్తయ్య మెట్ల మీద నిలబడి "ఇవన్నీ ఎక్కడ పెట్టీడం, ఏటి చేసీడం" అని గొణుక్కుంటోంది. పైనుంచి ఒక గొంతు, "ఎవరమ్మా అది, మన ఏపోళ్ళా?" అంది. లుంగీ సర్దుకుంటూ దిగివచ్చి, మా మంచం కోళ్ళు ఒక్కొక్కటీ తట్టి చూసి, లారీవాడు ఒకటి మార్చేశాడేమోనని అనుమానం వెలిబుచ్చారు. ఆ పూట నుంచీ ఆయన మాకు మావయ్యగారే.

పాలు పోసే మనిషి ఎదురుగానే గోటి మీద ఒక బొట్టు వేసుకుని నిలుస్తుందా జారుతుందా చూసేవారు. చేప మొప్ప ఎత్తి, ఎరుపు చూసి ఊరుకోకుండా, రంగు పూశారేమోనని బొటనవేలితో రుద్దేవారు. చర్చిలో పాస్టరుగారు కిందటేడు చేసిన ప్రసంగమే మళ్ళీ చేస్తున్నారని అనుమానం వచ్చి, ఏడాది పాటు నోటుపుస్తకంలో రాసుకుని మరీ పట్టుకున్నారు. "తప్పు కాదులే, మనోళ్ళు మొదటిసారి ఇనలేదు గదా," అని తర్వాత ఆయనే సర్దిచెప్పారు. ఆయన అనుమానాల్లో కసి ఉండేది కాదు. పట్టుకున్నాక వదిలేసేవారు. ఆ సంగతి నాకు అప్పుడు అర్థమై ఉంటే ఇవాళ ఈ బరువు ఉండేది కాదు.

ఆయన పొట్లం కట్టే తీరు చూసి తీరాలి. కాగితం చదరంగా చింపి, మధ్యలో మందు పోసి, నాలుగు మడతలు వేసి, ఆఖరి కొసని లోపలికి దోపితే ఇక విదిలించినా పలుకు రాలదు. డిస్పెన్సరీ మానేశాక మందులు కట్టే పని లేక, లవంగాలూ, చొక్కా గుండీలూ, ఎక్కడివో తెలియని మేకులూ అన్నీ పొట్లాలే కట్టేవారు. పైన చీమల్లాంటి తెలుగు అక్షరాల్లో అది ఏమిటో, ఎక్కడ దొరికిందో రాసేవారు. గడువు దాటిన మాత్రలు ఒక బిస్కెట్ డబ్బాలో దాచేవారు. పారేయొచ్చు కదా అని నేనొకసారి అంటే తల అడ్డంగా ఊపారు.

"మందు పారీడానికి సోటంటూ ఉండదమ్మా. తూములో ఏస్తే గంగలోకెల్తాది. కుప్పలో ఏస్తే కుక్క తింటాది. మనం పారేసీనాం అనుకుంటాం. అది ఎవులి కడుపులోకో ఎల్లిపోతాది."

ఆ మాటకి నేను నవ్వాను.

మేము వచ్చిన రెండో ఏడాది, నీళ్ళ ట్యాంకు గది వెంటిలేటరులో ఒక గుడ్లగూబల జంట చేరింది. తెల్లవి. నిలువునా కోసిన యాపిల్ చెక్కలాంటి మొహం, అందులో రెండు నల్లని కళ్ళు. బెంగాలీలకి అది లక్ష్మీ పేంచా, లక్ష్మీదేవి వాహనం. మొదటిసారి కనిపించిన సాయంత్రం బౌదీ డాబా మీదికి వచ్చి శంఖం ఊదింది. అదే సాయంత్రం మా అత్తయ్య గుప్పెడు ఉప్పూ మిరపకాయలూ తీసి ఇంటి చుట్టూ దిష్టి తిప్పింది.

"గుడ్లగూబ ఇంటి మీద వాల్తే ఇల్లు విడిచి పెట్టీమంటారు మనవాళ్ళు. వీళ్ళేటి, శంఖం ఊదుతారు?" అంది అత్తయ్య, మెట్ల మీద అందరూ వింటూండగా. బౌదీకి తెలుగు రాదు. కానీ ఉప్పు తిప్పడం ఎందుకో ఏ భాషవాళ్ళకైనా తెలుస్తుంది.

మావయ్యగారు రెండు పక్షాలకీ చెందలేదు. "లచ్చీ కాదు, దరిద్రమూ కాదు. ఎలకల్ని తింటాది. దాని డూటీ అది సేస్తాది," అన్నారు. గుడ్లగూబలు తిన్నదాంట్లో అరగని బొచ్చూ ఎముకలూ ఉండలుగా కక్కేస్తాయి. ఆయన రోజూ పొద్దున్నే వెంటిలేటరు కింద ఆ ఉండలు ఏరి, కాగితం మీద పెట్టి, పట్టకారుతో విప్పి ఎలక పుర్రెలు లెక్కపెట్టేవారు. నేను ఆఫీసుకి దిగుతూంటే పైనుంచి "నిన్న మూడమ్మా" అనో, "ఐదు, ఐదు" అనో చెప్పేవారు. ఎవరి మీదా నమ్మకం లేని మనిషికి ఆ పక్షుల మీద మాత్రం గురి కుదిరింది. వాటి పని కళ్ళ ముందే విప్పి చూసుకోవచ్చు కదా మరి.

ఆ తర్వాతి ఏడాది దుర్గాపూజలకి ముందు ఎలకలు మరీ పేట్రేగాయి. మా కింద బియ్యం కొట్టు ఉంది, వాటికి లోటేముంది. బౌదీ ఇంట్లో లక్ష్మీపూజ పెద్ద ఎత్తున చేస్తారు. నైవేద్యానికి కొబ్బరి ఉండలూ, మరమరాల ఉండలూ ముందే చేసి డబ్బాలకి ఎత్తుతారు. కిందటేడు ఒక డబ్బా మూతని ఎలకలు కొరికేశాయి. ఈసారి అమ్మవారి తిండి ఎంగిలి కాకూడదని బౌదీ ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. మావయ్యగారు ఎప్పుడూ తీగ బోను తప్ప మందు పెట్టనిచ్చేవారు కాదు. ఆ వారం ఆయన చెల్లెలి ఊరు వెళ్ళారు. బియ్యం కొట్టువాడు మందు పెట్టాడు, బౌదీ పెట్టింది. నేనూ సంతలో ఆకుపచ్చ బిళ్ళలు కొనుక్కొచ్చి, వంటింటి తూము పక్కన రాతి వెనక రెండు పెట్టి, చేతులు సబ్బుతో కడుక్కున్నాను.

మావయ్యగారు తిరిగొచ్చేసరికి పట్టపగలు మెట్ల మీద ఎలకలు తూలుతూ నడుస్తున్నాయి. మనిషిని చూసినా పరిగెత్తడం లేదు. ఆయన అనుమానం బియ్యం కొట్టు మీదికి పోయింది. "ఈడు బియ్యంలో ఏటో కలుపుతున్నాడమ్మా. మీరు తినకండి," అన్నారు. రెండు రోజులు మేము వేరే చోట బియ్యం తెచ్చుకున్నాం.

లక్ష్మీపూజ మర్నాడు పొద్దున్న, డాబా మెట్ల మొదట్లో ఆడపక్షి చచ్చిపడి ఉంది. ఒంటి మీద గీత లేదు. ఈక చెదరలేదు. బౌదీ మెట్టు మీద కూలబడి ఏడ్చింది. ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, మా గుమ్మం వైపు చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తే. ఆ పూట ప్రసాదం పళ్ళెం మా గుమ్మం దాటి పైకి వెళ్ళిపోయింది. మూడు రోజుల్లో వీధంతా పాకింది: ఆ తెలుగు ముసలావిడకి పేంచా అంటే పడదు, ఏదో చేసింది. అత్తయ్య కూరగాయలకి దిగితే పలకరించేవాళ్ళు తగ్గారు.

మావయ్యగారు మాత్రం పక్షి పడిన సాయంత్రమే వచ్చి నేరుగా అడిగారు. నోటుపుస్తకం, టార్చిలైటు పట్టుకుని మా వంటింట్లో పీట మీద కూర్చున్నారు. అత్తయ్య కాఫీ ఇచ్చింది.

"కోపం తెచ్చుకోకండమ్మా. ఆ పిట్టంటే మీకు పడదు. అవునా, కాదా?"

"పడదు."

"మరి మీరేటైనా పెట్టేరా దానికి?"

"పడకపోతే చంపీస్తారేటి? మా ఆడపడుచంటే నాకు నలభై ఏళ్ళుగా పడదు. నిక్షేపంలా ఉంది."

ఆయన అది రాసుకున్నారు. తర్వాత గిన్నెల గట్టు కింద మోకాళ్ళ మీద వంగి, ఎలకల కన్నం చూస్తానని టార్చి వేశారు. తూము దగ్గర చాలాసేపు ఉన్నారు. అత్తయ్య ముఖం కందగడ్డ అయింది. "నా వంటింట్లో దొంగసొత్తు వెతుకుతున్నాడు," అని నాతో అని, ఆయన తాగిన గ్లాసు రెండుసార్లు తోమింది. ఆ రోజు నుంచి ఆయనతో మాట మానేసింది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. బిళ్ళల సంగతి నాకు గుర్తే. పక్షి చావుకీ దానికీ సంబంధం ఉంటుందని మాత్రం తట్టలేదు.

ఆ పది రోజులూ ఆయన ఎవరినీ వదల్లేదు. గాలిపటాల దారమేమో అన్నారు. కాళీపూజ ముందు మంత్రగాళ్ళకి గుడ్లగూబల్ని అమ్మేవాళ్ళుంటారట, వాళ్ళేమో అన్నారు. కరెంటు తీగ బాగుచేసినవాణ్ణి వెనక్కి పిలిపించి అడిగారు. దొరికినదల్లా పొట్లం కట్టారు: దారం ముక్క, రాలిన ఈక, ఎవరిదో చెప్పు మేకు.

ఒక ఆదివారం మగపక్షి కూడా పడిపోయింది. అది అప్పటికి చావలేదు. ఎండలో డాబా నేల మీద రెక్కలు జార్చి కూర్చుని ఉంది. ముక్కు కొసన రక్తపు బొట్టు. మావయ్యగారు దాన్ని తువ్వాల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నారు. గంటసేపు అది ఆయన్నే చూసింది. తర్వాత చూడ్డం మానేసింది. చర్చికి వెళ్ళాల్సిన వేళ దాటిపోయింది, ఆయన కదల్లేదు.

కాసేపటికి నన్ను పైకి పిలిచారు. కాగితం పరిచి, డిస్పెన్సరీ నాటి కత్తెరతో దాన్ని కోశారు.

"సూడమ్మా. దెబ్బ లేదు, గాయం లేదు. లోపలంతా రగతమే. ఎక్కడా గడ్డ కట్టలేదు." చొక్కా చెయ్యి పైకి లాగి తన మోచెయ్యి చూపించారు. తలుపు తగిలిన చోట అరచెయ్యంత నల్లగా కమిలి ఉంది. "ఇదీ అదే. నా మాత్రే దీనికీ ఏసేరు."

నాకు అర్థం కాలేదు. ఆయన నెమ్మదిగా చెప్పారు. ఎలకల మందుల్లో ఒక రకం ఆ మాత్రకి దగ్గర చుట్టమేనట. గుండెజబ్బు మనిషికి కొలిచి, పరీక్షలు చేస్తూ ఇస్తారు. ఎలక్కి కొలత లేదు. తిన్న ఎలక వెంటనే చావదు. నాలుగైదు రోజులు లోపల రక్తం కారుతూ తూలుతూ తిరుగుతుంది. తూలే ఎలకని పట్టడం పక్షికి సుళువు. ఒకటి తింటే ఏమో, రోజూ అవే తింటే ఆ మందంతా పక్షి ఒంట్లో పేరుకుంటుంది.

"రేవు గోడౌన్లలో గద్దలు పడిపోయేవమ్మా," అన్నారు, చేతులు తుడుచుకుంటూ. "ధాన్యం గోడౌన్లకి ఎలకల మందు పొట్లాలు కట్టి పంపినోణ్ణి నేనే. ఇన్నేళ్ళూ ఎండదెబ్బనుకున్నాను. పాలోణ్ణి అనుమానించేను, పాస్టరుగార్ని అనుమానించేను. నా సేతుల్ని అనుమానించలేదు."

అప్పుడు ఆయన నా వైపు తిరిగి, మామూలుగానే అడిగారు. "మీ ఇంట్లో మందెట్టేరా?"

"లేదు మావయ్యగారూ," అన్నాను.

అత్తయ్య మీద అప్పటికే నింద ఉంది, మా వంటింట్లో మందు ఉందంటే అది ఖాయమైపోతుంది. అబద్ధానికి అదొక కారణం. భయం రెండో కారణం. నిజం చెప్పాలంటే రెండోదే ముందొచ్చింది.

"సరేనమ్మా," అన్నారాయన. కాగితం మడిచారు. బొట్టు పాలని నమ్మని మనిషి నా మొదటి జవాబునే నమ్మి ఊరుకున్నారు. అనుమానం రావలసింది అప్పుడు నాకు.

ఆ మధ్యాహ్నం ఇంట్లో అందరినీ మెట్ల మీద కూర్చోబెట్టారు. బెంగాలీలో చెప్పారు, అత్తయ్య కోసం మళ్ళీ తెలుగులో చెప్పారు. "ఈ ఇంట్లో పగబట్టి ఎవులూ సంపలేదు. ఈ పెద్దమ్మ అసలే సంపలేదు. లచ్చిందేవి వస్తాదని ఇల్లు తుడిసి, ఆవిడెక్కొచ్చే పిట్ట కంచంలో మందెట్టేం. అందరం కలిపి సంపేం." బియ్యం కొట్టువాడు నేల చూశాడు. బౌదీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను అందరికంటే వెనక మెట్టు మీద కూర్చున్నాను.

మర్నాడు బౌదీ కొబ్బరి ఉండల పళ్ళెంతో మా గుమ్మంలోకి వచ్చి, అత్తయ్య చేతులు పట్టుకుంది. అత్తయ్య పళ్ళెం అందుకుని, ఒక ఉండ తుంచి వాసన చూసి, తర్వాత తింది. మావయ్యగారి జబ్బు ఆవిడకీ అంటుకుందని నేను నవ్వుకున్నాను. సాయంత్రం ఆయన తన తీగ బోను తెచ్చి మా గట్టు కింద పెట్టారు. ఎండుచేప ముక్కని మంట మీద ఒక్కసారి చూపించి కట్టాలని, వాసనకి ఎలక ఆగలేదని చెప్పారు. మాట మానేసిన అత్తయ్య, "మా వంటింట్లో ఎండుచేపేటి?" అనక తప్పింది కాదు. చివరికి కొబ్బరి ముక్క కాల్చి కట్టడానికి రాజీ కుదిరింది. అలా మాటలు కలిశాయి. మందు మా ఇంట్లోకి మళ్ళీ రాలేదు. పక్షులూ రాలేదు.

ఆ తర్వాత చాలాసార్లు నిజం చెప్పేద్దామని మేడ ఎక్కాను. "మావయ్యగారూ, ఒక మాట," అనేదాన్ని. ఆయన వెంటనే పాల సంగతో, చేప సంగతో ఎత్తుకునేవారు. ఈయనకి చాదస్తం ఎక్కువవుతోందని అనుకుని దిగొచ్చేదాన్ని. రేపు చెబుదామనుకుంటూ ఉండగానే ఆ మెట్టు మీద ఆయన కాలు జారింది.

అంత్యక్రియలు అయిన వారానికి ఆయన చెల్లెలు గది ఖాళీ చేయడానికి వచ్చింది. నేను సాయం వెళ్ళాను. బట్టలు, బైబిలు, నోటుపుస్తకాలు ఆవిడ తీసుకుంది. బిస్కెట్ డబ్బా నా చేతిలో పెట్టి, "ఈ సెత్తంతా ఏటో సూసి పారీ అమ్మా," అంది. మూత తీశాను. మాత్రల కింద పొట్లాలు. దారం ముక్క: "డాబా గోడ. అనుమానం లేదు." మేకు: "కరెంటు మనిషిది. అనుమానం లేదు." అన్నిటికీ అడుగున రెండు పొట్లాలు ఒకే దారంతో కట్టి ఉన్నాయి. మొదటి దాంట్లో పాతబడిన గద్ద ఈక. పైన, "రేవు గోడౌను. ఎండదెబ్బ కాదు. నేనే."

రెండో దాని మీద "రెండో అంతస్తు వంటిల్లు. తూము పక్కన. లక్ష్మీపూజ మర్నాడు" అని ఉంది. విప్పాను. ఆకుపచ్చ బిళ్ళ ముక్క, ఎలక పంటిగాటుతో సహా. ఆయన ఆ రోజు మోకాళ్ళ మీద వంగి తీసుకున్నది ఇదే, దొరికినదల్లా పొట్లం కట్టే అలవాటు కొద్దీ. డాబా మీద నన్ను అడిగేనాటికే ఆయన దగ్గర ఇది ఉంది. అక్షరాల కింద వేరే సిరాతో ఇంకో వరస రాసి ఉంది.

"తెలీక పెట్టింది. అడిగితే లేదంది. మళ్ళీ అడక్కూడదు."

నేను ఆ గదిలో నేల మీద కూర్చుండిపోయాను. ఆయన చెల్లెలు అన్నగారి కోసం ఏడుస్తున్నాననుకుని వీపు నిమిరింది. అది నిజమే, కానీ అదొక్కటే కాదు. పాల సంగతీ చేప సంగతీ చాదస్తం కావని, నన్ను తప్పు ఒప్పుకునే అవస్థ నుంచి తప్పించడానికని అప్పుడు తెలిసింది. ఆయన పెద్దమనసుతోనే తప్పించారు. నాకు మాత్రం ఆ అవస్థ పడటమే కావలసి ఉండింది.

కిందికొచ్చి అత్తయ్యకి అంతా చెప్పేశాను. ఆవిడ చిక్కుడుకాయలు ఒలుస్తూ వింది. "బిళ్ళలు నువ్వు పెట్టేవని నాకు తెలీదేటి? నా వంటిల్లే కదా," అంది. మరి అప్పుడే ఎందుకు చెప్పలేదంటే, "నన్నెలాగూ అంటున్నారు. ఇద్దర్ని అనడం దేనికి?" అని ఈనె తీసి పక్కన పడేసింది. బౌదీకి కూడా చెప్పాను. ఆవిడ తన డబ్బాల వెనక ఎన్ని బిళ్ళలు పెట్టిందో చెప్పింది.

పొట్లం మాత్రం మిగిలిపోయింది. దాన్ని పారేద్దామని మూడుసార్లు చేతిలోకి తీసుకున్నాను. తూము దగ్గర నిలబడితే గంగ గుర్తొచ్చింది. చెత్తకుండీ దాకా వెళ్తే అక్కడ ఒక కుక్క పడుకుని ఉంది, నన్ను చూసి తోక ఊపింది. పూలకుండీలో పాతుదామని మట్టి తవ్వితే వానపాము కదిలింది, గోడ మీద కాకి దానికోసం చూస్తోంది. వెనక్కి తెచ్చి ఆయన వేసిన మడతల మీదే మడిచి, ఆఖరి కొసని లోపలికి దోపి, బీరువాలో చీరల కింద పెట్టాను. అప్పుడప్పుడు తీసి విదిలించి చూస్తాను. ఇంతవరకూ ఒక్క పలుకు రాలలేదు.